రానిస్తేనే కదా మింగేది: విద్యుదయస్కాంత తరంగాలను పీల్చే కార్బన్ నానో మిశ్రమాలు

(రికార్డింగు విని రాసుకున్న పాఠం. తడబాట్లు తీసేశాం. మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? చెయ్యెత్తండి. సరే, మొదలుపెడదాం.

ఒక ఫోను తీసుకుని అల్యూమినియం రేకులో గట్టిగా చుట్టేశాం అనుకోండి. ఎక్కడా సందు వదల్లేదు. ఇప్పుడు దానికి ఫోన్ చేస్తే మోగుతుందా? మోగదు. అంతవరకు అందరికీ తెలుసు. నా ప్రశ్న వేరే. టవరు నుంచి వచ్చిన తరంగాలు ఏమయ్యాయి? ఎక్కడికి పోయాయి? ముందు వరసలో ఎవరో "రేకు పీల్చేసుకుంది" అన్నారు. ఆ జవాబు కోసమే అడిగాను, థాంక్యూ. రేకు పీల్చుకోలేదండీ. ఇంచుమించు వచ్చింది వచ్చినట్టే వెనక్కి తోసేసింది. వెలుతురుకి అద్దం ఎలాగో ఈ తరంగాలకి లోహం అలాగ. ఫోను వరకు చూస్తే పని జరిగిపోయింది. కానీ తరంగం చావలేదు. ఇంకోచోటికి పోయింది, అంతే.

అడ్డుకోవడం వేరు, మింగడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల వచ్చే తికమక అంతా ఇంతా కాదు. అడ్డుకుంటే చాలు కదా, మింగడం ఎందుకు అంటారా? ఒక ఎలక్ట్రానిక్ పరికరం ఉంది. దాని లోహపు పెట్టెలో నాలుగు చిప్పులున్నాయి. ఒక చిప్పు చేసే రొద పెట్టె గోడలకి కొట్టుకుని తిరిగి తిరిగి పక్క చిప్పు మీద పడుతుంది. పెట్టె బయటివాళ్లని కాపాడింది, లోపలివాళ్లని చంపింది. కారు ముందు భాగంలో 77 గిగాహెర్ట్జ్ రాడార్ పెడుతున్నారు. దాని తరంగదైర్ఘ్యం 4 మిల్లీమీటర్లు కూడా ఉండదు. బంపరు వెనక ఉన్న ఇనుప పట్టీలకి తగిలి తిరిగొచ్చిన ప్రతిధ్వని వల్ల, లేని వాహనం ఉన్నట్టు కనబడొచ్చు. యాంటెనాలు పరీక్షించే గదిలో గోడల నుంచి ప్రతిధ్వని వస్తే కొలత మొత్తం చెడిపోతుంది. ఇక రాడార్‌కి కనబడకూడదనుకునే విమానం సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడ తోసెయ్యడం కుదరదు. మింగాలి.

మింగాలంటే ముందు ఏం కావాలి? నోరు తెరవాలి! తరంగాన్ని లోపలికి రానివ్వాలి. ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. ముందు రానివ్వాలి.

ఒక సన్న తాడుకి లావు తాడు ముడేశారనుకోండి. సన్న తాడు కొసని పట్టుకుని ఊపితే అల బయల్దేరుతుంది. ముడి దగ్గరికి వచ్చేసరికి కొంత ముందుకి పోతుంది, కొంత వెనక్కి వస్తుంది. రెండు తాళ్ల మధ్య తేడా ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ వెనక్కి వస్తుంది. తరంగానికి కూడా ఇలాంటి ముడే ఎదురవుతుంది. శూన్యానికి ఇంపీడెన్స్ అని ఒకటుంది, సుమారు 377 ఓమ్‌లు. గాలికీ అంతే అనుకోవచ్చు. పదార్థానికి తనదంటూ ఇంకో ఇంపీడెన్స్ ఉంటుంది. ఈ రెండూ కలిస్తే తరంగం గుమ్మం దాటుతుంది. కలవకపోతే గుమ్మంలోంచే తిరిగిపోతుంది.

లెక్క వేసి చూద్దాం, భయపడకండి. పెర్మిటివిటీ అంటే విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య. గాలికి అది 1. అయస్కాంత గుణం లేని, పెర్మిటివిటీ 4 ఉన్న మందపాటి దిమ్మ మీద తరంగం నేరుగా పడితే దాని శక్తిలో 11 శాతం వెనక్కి వస్తుంది. పెర్మిటివిటీ 16 అయితే 36 శాతం. 100 అయితే 67 శాతం. అదే పెర్మిటివిటీ 1.5 మాత్రమే ఉంటే? కేవలం 1 శాతం. పెర్మిటివిటీ 1.5 అంటే దాదాపు గాలే. ఆ 1.5ని గుర్తుపెట్టుకోండి, నురగల దగ్గర మళ్లీ అడుగుతాను.

ఇప్పుడు చిక్కు చూడండి. తరంగాన్ని తినాలంటే పదార్థానికి కొంత వాహకత ఉండాలి. లేకపోతే తరంగం గాజులోంచి వెలుతురు పోయినట్టు పోతుంది. వాహకత మరీ ఎక్కువైతే అది అద్దమైపోతుంది, అసలు రానివ్వదు. రాగిలో 10 గిగాహెర్ట్జ్ తరంగం మైక్రాన్‌లో మూడింట రెండు వంతుల లోతుకి వెళ్లేసరికే నీరసపడిపోతుంది. మంచి వాహకం మంచి శోషకం కాదు. చెడ్డ వాహకమూ కాదు. నడిమి రకం కావాలి. కార్బన్ ఈ కథలోకి వచ్చింది ఆ నడిమితనం వల్లే.

ఇది ఈనాటి మాట కూడా కాదు. తరంగ శోషకానికి తొలి పేటెంటు 1936లో నెదర్లాండ్స్‌లో వచ్చింది. అందులో ఏం వాడారో తెలుసా? మసి, టైటానియం డయాక్సైడ్. అంటే నల్ల రంగు, తెల్ల రంగు! మసి శక్తిని తింటుంది, టైటానియం డయాక్సైడ్ పెర్మిటివిటీని పెంచి పొర మందాన్ని తగ్గిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు జలాంతర్గాముల గాలి గొట్టాలను రాడార్ కంటికి దాచడానికి శోషకాలు తయారుచేశారు. ఆ ప్రాజెక్టుకి పెట్టుకున్న మారుపేరుకి అర్థం "పొగగొట్టాలు తుడిచేవాడు". రహస్యం దాచడానికి పెట్టుకున్న పేరులోనే మసి కనబడుతోంది చూడండి.

అమెరికాలో విన్‌ఫీల్డ్ సాలిస్‌బరీ అనే ఆయన చేసిన తెర ఇంకా సులువైనది. దానికి 1952లో పేటెంటు వచ్చింది. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే పాఠాల్లో దీన్ని సగమే చెప్పి వదిలేస్తారు. వెనక ఒక లోహపు పలక. దాని ముందు, పావు తరంగదైర్ఘ్యం దూరంలో, చదరానికి 377 ఓమ్‌ల నిరోధం ఉన్న పల్చటి పొర. 10 గిగాహెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యం 30 మిల్లీమీటర్లు, పావు అంటే 7.5 మిల్లీమీటర్లు. అంతే నిర్మాణం. దీన్ని "ముందు నుంచి వచ్చిన ప్రతిధ్వని, వెనక నుంచి వచ్చిన ప్రతిధ్వని ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి" అని చెబుతారు. కొట్టేసుకున్నాయి, బానే ఉంది. మరి శక్తి ఎక్కడికి పోయింది? శక్తి మాయం కాదు కదా! అసలు విషయం ఇది. లోహం ఉపరితలం మీద విద్యుత్ క్షేత్రం సున్నా. అక్కడి నుంచి పావు తరంగం ముందుకి వస్తే అది గరిష్ఠం. నిరోధపు పొరని సరిగ్గా ఆ గరిష్ఠం దగ్గర నిలబెట్టాం. శక్తి అంతా ఆ పొరలోనే వేడిగా మారింది. వెనక పలక తీసేస్తే? అంత పల్చటి పొర ఒక్కటే ఎంత మొత్తుకున్నా సగానికి మించి తినలేదు. 188 ఓమ్‌ల దగ్గర సరిగ్గా సగం తింటుంది, పావు వెనక్కి పోతుంది, పావు దాటిపోతుంది. అద్దం అద్దమే గానీ, పొర వెనక పెడితే అదే పనికొచ్చింది.

దీనికో లోపం ఉంది. 20 గిగాహెర్ట్జ్ పంపండి. ఇప్పుడు ఆ 7.5 మిల్లీమీటర్లు అర తరంగం అవుతుంది. పొర ఉన్నచోట క్షేత్రం సున్నా. అస్సలు తినదు! ఒకటే పౌనఃపున్యానికి కుట్టిన చొక్కా అది. ఎక్కువ పౌనఃపున్యాల పట్టీ కావాలంటే ఒక పొర చాలదు. ముందు ఎక్కువ నిరోధం, లోపలికి పోయేకొద్దీ తక్కువ నిరోధం, అలా మెట్లు మెట్లుగా పెట్టాలి. దాన్ని యౌమాన్ శోషకం అంటారు, అదీ యుద్ధకాలపు పనే. పరీక్ష గదుల గోడలకి నల్లటి కోన్‌ల లాంటివి చూసి ఉంటారు. మసి పట్టించిన పాలీయూరితేన్ నురగ. మొన దగ్గర అంతా గాలే, అడుగుకి వచ్చేసరికి అంతా నురగ. తరంగానికి గుమ్మం ఎక్కడ వచ్చిందో తెలియదు. తెలిసేసరికి లోపలుంటుంది.

ఇంత చెప్పాక మీరు అడగాలి. ఎనభై ఏళ్ల కిందటే మసితో పని జరిగింది కదా, నానో ఎందుకండీ? ఫ్యాషనా? కొంత ఫ్యాషనే, అబద్ధం చెప్పను. కానీ కొంత నిజం కూడా ఉంది.

డబ్బాలో గోళీలు వేశారు. ఒక గోడ నుంచి ఎదురు గోడకి గోళీలు తగులుకుంటూ ఒక దారి ఏర్పడాలంటే చాలా గోళీలు కావాలి. అదే అగ్గిపుల్లలు చల్లితే? కొన్నిటితోనే దారి పడుతుంది. ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడతాయి కదా. రెసిన్‌లో, అంటే పొడిని పట్టి ఉంచే జిగురు లాంటి ప్లాస్టిక్‌లో, వాహక దారి మొదటిసారి ఏర్పడే మోతాదుని పెర్కొలేషన్ గడప అంటారు. మసి గోళీల్లాంటిది, పది పదిహేను శాతం దాకా కూడా వెయ్యాల్సి రావచ్చు. కార్బన్ నానోట్యూబు, అంటే కార్బన్ పరమాణువుల అతి సన్నటి గొట్టం, అగ్గిపుల్ల. మామూలు అగ్గిపుల్ల కూడా కాదు, అడ్డం కన్నా పొడవు వెయ్యి రెట్లుండే అగ్గిపుల్ల. ఒక శాతం లోపే దారి పడుతుంది. ఎపాక్సీలో బరువు లెక్కన 0.0025 శాతానికే దారి పడిందని 2003లో ప్రచురించారు. తక్కువ వేస్తే ఏం లాభం? రెసిన్ రెసిన్‌లానే ఉంటుంది. తేలిగ్గా ఉంటుంది, పెళుసెక్కదు, పూత పుయ్యడానికి వస్తుంది. పెర్మిటివిటీ కూడా మన చేతిలో ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, గడపకి కాస్త ఇటూ అటూ ఆడుకోవచ్చు. గడప దాటి బాగా లోపలికి వెళ్లిపోతే వాహకత పెరిగి మళ్లీ అద్దం అయిపోతుంది. అందుకే మా విద్యార్థులకి చెబుతుంటాను, నానోట్యూబులు ఎక్కువ వేస్తే శోషణ పెరగదు బాబూ, తగ్గుతుంది.

నానోట్యూబు మందం పది, ఇరవై నానోమీటర్లు. తరంగం 3 సెంటీమీటర్లు. అంటే తరంగం ఆ గొట్టం కన్నా కొన్ని లక్షల రెట్లు పెద్దది. తరంగానికి గొట్టం కనబడుతుందా? కనబడదు. దానికి మొత్తం మిశ్రమపు సగటే కనబడుతుంది. కాబట్టి "నానో కణం తరంగాన్ని పట్టుకుంటుంది" లాంటి మాటలు వింటే నవ్వుకోండి. నానో స్థాయిలో మనం చేసేదల్లా ఆ సగటు ఎలా ఉండాలో నిర్ణయించడం.

ఆ సగటులో నష్టం ఎలా పుడుతుంది? మొదటిది, దారుల వెంట ఎలక్ట్రాన్లు అటూ ఇటూ పరుగెత్తి, ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి గెంతి, వేడి పుట్టిస్తాయి. రెండోది, కార్బన్‌కీ రెసిన్‌కీ మధ్య హద్దుల దగ్గర ఛార్జి పోగుపడుతుంది. తరంగం సెకనుకి వెయ్యి కోట్ల సార్లు అటూ ఇటూ ఊగుతుంటే ఆ ఛార్జి వెంట పరుగెత్తలేక వెనకబడుతుంది. ఆ వెనకబాటే నష్టం. నానో పొడిలో హద్దులు ఎన్ని ఉంటాయో ఊహించుకోండి. మూడోది నాకు చాలా ఇష్టమైనది: లోపాలు. 2004లో గైమ్, నొవోసెలోవ్ అనే శాస్త్రవేత్తలు గ్రాఫీన్‌ని, అంటే కార్బన్ పరమాణువుల ఒంటి పొరని, విడదీశారు, 2010లో నోబెల్ వచ్చింది. అందరూ లోపం లేని గ్రాఫీన్ కోసం తపస్సు చేశారు. మాకు మాత్రం లోపం ఉన్నదే కావాలి! గ్రాఫీన్ ఆక్సైడ్‌ని సగం శుద్ధి చేసి, అంటే అందులోని ఆక్సిజన్‌ని కొంతే తీసి, వదిలేస్తే అక్కడక్కడ ఆక్సిజన్ గుంపులు, చిరుగులు మిగులుతాయి. ఒక్కొక్కటీ ఒక చిన్న ద్విధ్రువంలా, అంటే ఒక కొస ధనం, ఇంకో కొస రుణం ఉన్న జంటలా, ఊగి శక్తి తింటుంది. వాహకత కూడా మరీ మితిమీరదు. ఎంత వేడి చేశామన్నదే ఇక్కడ మీట. ఎక్కువ వేడి చేస్తే ఎక్కువ శుద్ధి, ఎక్కువ వాహకత. తక్కువైతే తక్కువ.

ఇవన్నీ విద్యుత్ వైపు నష్టాలు. అయస్కాంతం వైపు కూడా కావాలంటే మాగ్నటైటో, కోబాల్టో, కార్బొనిల్ ఇనుమో కలుపుతారు. కోబాల్ట్ ఉన్న సేంద్రియ స్ఫటికాలను వేడి చేసి, కార్బన్‌లో పొదిగిన కోబాల్ట్ కణాలు తీస్తున్నారు. చూడ్డానికి కూడా అందంగా ఉంటాయి. ఎందుకీ జత? ఇంపీడెన్స్ కుదరాలంటే పెర్మిటివిటీ ఒక్కటే పెరిగితే లాభం లేదు, అయస్కాంత పారగమ్యత, అంటే అయస్కాంత క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య, అదీ పెరగాలి. కానీ 1948లో స్నూక్ అనే ఆయన చెప్పిన హద్దు ఒకటుంది. ఫెర్రైట్‌కి, అంటే ఇనుప ఆక్సైడ్‌తో చేసిన అయస్కాంత పింగాణీకి, పారగమ్యత ఎంత ఎక్కువుంటే అంత తక్కువ పౌనఃపున్యంలోనే అది చేతులెత్తేస్తుంది. పైగా ఇనుము సాంద్రత 7.8, కార్బన్‌ది 2 పైచిలుకు. విమానానికి పూసేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

ఇదిగో, ఈ ముక్క చూడండి. ఊదితే ఎగిరిపోయేలా ఉంది. గ్రాఫీన్ నురగ. ఇందులో ఉన్నదంతా గాలే. ఇందాక పెర్మిటివిటీ 1.5 అని గుర్తుపెట్టుకోమన్నానే, అది ఇక్కడికే. గుమ్మం దగ్గర తరంగానికి ఇది గాలిలాగే కనబడుతుంది, లోపలికి నడిచొచ్చేస్తుంది. వచ్చాక ఆ పల్చటి గోడల మధ్య తిరిగి తిరిగి అరిగిపోతుంది. పొమ్మనలేక పొగబెట్టడం కాదండీ, రమ్మని కూచోబెట్టి కరిగించడం. ఒత్తితే? గోడలు దగ్గరవుతాయి, లక్షణాలు మారిపోతాయి. అదే దీని బలహీనత కూడా. ఒకసారి గట్టిగా నలిపితే మళ్లీ లేవకపోవచ్చు.

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడతాను. ఈ రంగంలో పేపర్లు తెరిస్తే మైనస్ 50 డెసిబెల్, మైనస్ 60 డెసిబెల్ అని శీర్షికలోనే కనబడుతుంది. అంటే ఏమిటి? వెనక్కి వచ్చే శక్తి ఎంత తగ్గిందో చెప్పే కొలత అది. మైనస్ 10 అంటే 90 శాతం తినేసింది. మైనస్ 20 అంటే 99. మైనస్ 30 అంటే 99.9. మరి మైనస్ 60? తొమ్మిదులు పేర్చుకుంటూ పోవడమే. ఆ సంఖ్య ఎలా వస్తుందో చూడండి. పొడిని మైనంలో కలిపి ఒక చిన్న ఉంగరం చేస్తారు. బయటి వ్యాసం 7 మిల్లీమీటర్లు, లోపలిది 3.04. దాన్ని కోయాక్సియల్ గొట్టంలో పెట్టి పెర్మిటివిటీ, పారగమ్యత కొలుస్తారు. ఆ తర్వాత కంప్యూటర్లో "దీని వెనక లోహం ఉంటే, మందం ఇంత ఉంటే" అని లెక్క కడతారు. ఏదో ఒక మందం దగ్గర ఏదో ఒక పౌనఃపున్యంలో ఇంపీడెన్స్ అచ్చంగా కుదురుతుంది, గీత పాతాళానికి పోతుంది. పలక చేసి దాని మీద తరంగం కొట్టి కొలిచింది కాదది. చాలామటుకు లెక్క.

ఆ ఉంగరం నన్నూ మోసం చేసింది. ఒకసారి ఒక మిశ్రమం అద్భుతంగా వచ్చింది. పెర్మిటివిటీ తక్కువ, గుమ్మం బాగా తెరిచి ఉంది, అందరం సంబరపడ్డాం. రెండు వారాల తర్వాత తేలిందేమిటంటే ఉంగరానికీ గొట్టానికీ మధ్య వెంట్రుకంత ఖాళీ ఉంది. మేం కొలిచింది మిశ్రమాన్నీ, దాని పక్కనున్న గాలినీ కలిపి. ఇప్పుడు ప్రతి ఉంగరాన్నీ మైక్రోమీటరుతో కొలవకుండా లోపల పెట్టనివ్వను.

రాడార్ విషయంలో ఇంకో లెక్క. ప్రతిధ్వని పదో వంతుకి తగ్గిందనుకోండి. రాడార్‌కి కనబడే దూరం కూడా పదో వంతుకి తగ్గుతుందా? తగ్గదు. దూరం నాలుగో మూలం ప్రకారం తగ్గుతుంది. అంటే 56 శాతానికి. వందో వంతు చేస్తే 32 శాతానికి. వెయ్యో వంతు చేస్తే 18 శాతానికి. అందుకే ఆ విమానాల్లో ముందు ఆకారం పని చేస్తుంది, పూత ఆ తర్వాత.

మందం మాటకి వద్దాం. ఒక మిల్లీమీటరు పూత, 2 నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా మొత్తం 90 శాతం తింటుంది అని ఎవరైనా అంటే ఏం చెయ్యాలి? 2000లో రొజనోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త దీనికి హద్దు గీశాడు. అయస్కాంత గుణం లేని పూత, వెనక లోహం, 90 శాతం శోషణ కావాలి. అప్పుడు పట్టీలో పెద్ద తరంగదైర్ఘ్యంలోంచి చిన్నది తీసేసి, 17.2తో భాగించండి. అంతకన్నా పల్చగా చెయ్యడం ఎవరివల్లా కాదు. నానోట్యూబు కలిపినా, గ్రాఫీన్ కలిపినా, ఏం కలిపినా. 2 గిగాహెర్ట్జ్‌కి 150 మిల్లీమీటర్లు, 18కి 16.7. తేడా 133. భాగిస్తే దాదాపు 7.8 మిల్లీమీటర్లు. మరి తక్కువ పౌనఃపున్యాల గదుల్లో 6 మిల్లీమీటర్ల ఫెర్రైట్ పలకలు 30 మెగాహెర్ట్జ్ దాకా ఎలా తింటున్నాయి, అక్కడ తరంగం 10 మీటర్లు కదా? మంచి ప్రశ్న. అక్కడ పారగమ్యత చాలా ఎక్కువ, హద్దు ఆ మేరకు సడలుతుంది. ఆ పని కార్బన్ కోన్‌లతో చెయ్యాలంటే మీటర్ల పొడవు కావాలి. కార్బన్ అన్నిటికీ మందు కాదు.

తయారీలో తిప్పలు రెండు మాటల్లో చెప్పేస్తాను, టైమవుతోంది. నానోట్యూబులు జుట్టులా ఉండ కట్టుకుంటాయి, విడదీయడానికి అల్ట్రాసౌండ్ పెట్టాలి. ఎక్కువసేపు పెడితే గొట్టాలు ముక్కలై, మనకి కావాల్సిన పొడవే పోతుంది. ఇంకోటి, గాలిలో బాగా వేడెక్కితే కార్బన్ కాలిపోతుంది. ఇంజన్ వెనక భాగంలో పెట్టాలంటే సిలికాన్ కార్బైడ్ లాంటివాటి వైపు చూడాల్సిందే.

ప్రశ్నలు తీసుకుందాం. అక్కడ, కళ్లద్దాల అమ్మాయి. ఫోను వెనక అతికించే స్టిక్కర్లు రేడియేషన్‌ని పీల్చుకుంటాయంటారు, నిజమా? చూడమ్మా, రెండే దారులు. స్టిక్కరు ఏమీ తినకపోతే దండగ. నిజంగా తింటే టవరుకి సిగ్నలు తగ్గుతుంది, అప్పుడు ఫోను ఏం చేస్తుంది? తన శక్తి పెంచి అరుస్తుంది. ఫోన్లు అలాగే తయారయ్యాయి. బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది.

ఇంకొక్కటి. ఈ పొడి ఊపిరితిత్తులకి ప్రమాదమా? ఇది అడిగినందుకు సంతోషం. పొడవుగా, బిరుసుగా ఉండే నానోట్యూబులు ఎలుకల్లో ఆస్బెస్టాస్ లాంటి లక్షణాలు చూపించాయని 2008లో వచ్చింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఒక రకం బహుళ గోడల నానోట్యూబుని, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. అన్ని రకాలనీ కాదు, ఒక రకాన్ని. రెసిన్‌లో గట్టిపడ్డాక అది బందీ, పెద్దగా బయటికి రాదు. కానీ ఆ పలకని కోసినా, గరుకు కాగితంతో రుద్దినా లేచే ధూళి సంగతి వేరు. పొడి తూచేటప్పుడు మూసిన పెట్టెలోనే తూచాలి.

నమూనాలు ఈ బల్ల మీద ఉంచాను, రండి, చేత్తో పట్టుకుని చూడండి. ఆ నురగని మాత్రం నలపకండి, ఒకటే ఉంది. చివర నల్ల పొడి ఉన్న సీసాకి టేపు చుట్టాను చూశారా, దాని మూత తియ్యకండి.